విప్పడం సరే, బిగించడమో?

పుస్తక సమీక్ష అంటే నవలకో, కథల సంపుటికో రాస్తారు. మరీ తోచకపోతే కవిత్వానికి రాస్తారు. కారు విప్పి బాగుచేసుకునే పుస్తకానికి సమీక్ష రాయడమేమిటీ విడ్డూరం అని మీరనుకుంటే తప్పులేదు. కానీ ఈమధ్య రెండు నెలలపాటు నేను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, కొన్నిచోట్ల రెండేసిసార్లు చదివిన పుస్తకం అదొక్కటే. చదివిన పుస్తకాన్ని వదిలేసి చదవని నవల గురించి రాయడం నాకు చేతకాదు. ఆ విద్య తెలిసినవాళ్ళు లేకపోలేదు లెండి.

పుస్తకం హేన్స్ వారి ఓనర్స్ వర్క్‌షాప్ మాన్యువల్. అందులో కథానాయిక ఆస్టిన్ హీలీ స్ప్రైట్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. చదివింది ఇంగ్లండులో, మా అక్కయ్య ఇంట్లో. బావగారు డాక్టరుగా 1969లో అక్కడికి వెళ్ళి, 1972లో ఎవరో ఇద్దరు వాడి వదిలేసిన ఈ కారుని కొన్నారు. "ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఇద్దరే కూర్చునే కారు తెచ్చారే మీ బావగారు!" అని అక్కయ్య అప్పట్లో అమ్మకి ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం మా ఇంట్లో చాలాకాలం జోకుగా చెలామణీ అయింది. బావగారు పోయి మూడేళ్ళయింది. కారు మాత్రం షెడ్డులో ముక్కలై కూర్చుంది. ఆయన విప్పారు, బిగించేలోపు వెళ్ళిపోయారు.

ముందు కారు గురించి రెండు మాటలు. ఈ స్ప్రైట్ 1958 మే నెలలో మాంటీ కార్లోలో లోకానికి మొహం చూపించింది. మొహం అని ఊరికే అనలేదు. దీపాలు రెండూ బానెట్టు మీద గుడ్లు మిటకరించి చూస్తున్నట్టుంటాయి. అందుకే ఇంగ్లీషువాళ్ళు దీన్ని కప్పకళ్ళ కారన్నారు. అసలు ఆ దీపాలు వెనక్కి ముడుచుకుని పడుకునేలా చేద్దామనుకున్నారట. ఖర్చవుతుందని మానేస్తే, ఇలా కళ్ళు తెరుచుకునే వుండిపోయాయి. పొదుపు వల్ల వచ్చిన అందం! డోనాల్డ్ హీలీ అనే ఆయన ఊహ, బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి చిన్న కార్ల సామాను. ఆస్టిన్ ఎ35 ఇంజను, మోరిస్ మైనర్ స్టీరింగు పెట్టి, డబ్బు పెద్దగా లేని కుర్రవాళ్ళకి కూడా స్పోర్ట్స్ కారు అందేలా చేశారు. 948 సి.సి. ఇంజను. తలుపులకి బయటివైపు పిడులు లేవు, చెయ్యి లోపలికి పెట్టి తీసుకోవాలి. వెనక డిక్కీకి మూతే లేదు. పెట్టె పెట్టాలన్నా, స్టెప్నీ తియ్యాలన్నా సీట్ల వెనక నుంచి గుహలోకి దూరినట్టు దూరాలి. 1961 దాకా దాదాపు 49 వేలు తయారయ్యాయి.

ఇక పుస్తకకర్త. జాన్ హేన్స్ 1938లో సింహళంలో, అంటే ఇప్పటి శ్రీలంకలో పుట్టాడు. తండ్రి తేయాకు తోట మేనేజరు. పన్నెండో ఏట ఇంగ్లండులో హాస్టలు బడికి పంపించారు. అక్కడ ఈ పిల్లవాడు రగ్బీ ఆట ఎగ్గొట్టి ఒక పాత ఆస్టిన్ 7 కారుని విప్పి, చిన్న స్పోర్ట్స్ కారుగా మార్చాడు. ఎలా చేశాడో ఒక చిన్న పుస్తకం రాసి 250 ప్రతులు వేస్తే పదిరోజుల్లో అయిపోయాయి. తరవాత వైమానిక దళంలో చేరాడు. 1965లో ఏడెన్‌లో వుండగా తోటి ఉద్యోగి ఒకాయన కప్పకళ్ళ కారుని తిరగదోడవలసి వచ్చింది. కంపెనీవారు ఇచ్చిన పుస్తకం చూస్తే, అది వాళ్ళ మెకానిక్కుల కోసం రాసుకున్నది. మామూలు మనిషికి కొరుకుడు పడదు. అప్పుడు హేన్స్ కెమేరా తెచ్చుకుని, ఒక్కొక్క నట్టూ విప్పుతూ ఒక్కొక్క ఫోటో తీశాడు. 1966లో పుస్తకం వచ్చింది. 3,000 ప్రతులు మూడు నెలలు తిరక్కుండానే చెల్లిపోయాయి. ఆ వరసలో వచ్చిన పుస్తకాలన్నీ కలిపి 20 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. మన రచయితలెవరైనా ఈ అంకె చూస్తే ఒక పూట భోజనం మానేస్తారు.

అంటే మా అక్కయ్య షెడ్డులో వున్న కారే ఈ గ్రంథపరంపరకంతటికీ ఆదికావ్య వస్తువన్నమాట. బావగారి ప్రతికి అట్ట ఊడిపోయింది. గ్రీజు మరకలు, టీ కప్పు వలయాలు, బొటనవేలి ముద్రలు. ఆయన వేలిముద్ర ఏ పేజీలో ఎక్కువుందో చూస్తే కారుకి ఏ జబ్బు ఎక్కువో తెలిసిపోతుంది.

ఇప్పుడు రచన సంగతి. నాకు మొదట నచ్చింది, ఈ పుస్తకంలో విశేషణాలు లేకపోవడం. అందమైన, అద్భుతమైన, హృదయాన్ని కదిలించే అన్న మాటలు వెతికినా కనిపించవు. ప్రతి వాక్యమూ మనతో నేరుగా మాట్లాడుతుంది. ఇది పట్టుకో, అది వదులు చెయ్యి, దీన్ని పక్కన పెట్టు. మా నాయనమ్మ వంట నేర్పినట్టే వుంటుంది. అయితే నాయనమ్మ ఉప్పు తగినంత, నీళ్ళు చూసుకుని అనేది. ఎంత తగినంతో తెలియక నేను ఎన్ని కూరలు పాడు చేశానో! ఈ పుస్తకానికి తగినంత అన్న మాట తెలియదు. వాల్వుకీ దాన్ని నొక్కే మీటకీ మధ్య సందు అంగుళంలో వెయ్యోవంతులు 12 వుండాలి. ప్లగ్గు సందు 25 వెయ్యోవంతులు. ఇంజను తలకాయ నట్లు 40 పౌండ్-అడుగుల బలంతో బిగించాలి, అదీ ఒక వరస ప్రకారం. అబద్ధం ఆడితే పట్టుబడిపోయే రచన ఇది. కవి చంద్రుణ్ణి ఏమని వర్ణించినా చంద్రుడు వచ్చి అడగడు. హేన్స్ అంకె తప్పు రాస్తే ఇంజను అక్కడే అడుగుతుంది.

ఫోటోల్లో మనిషి మొహం వుండదు, చేతులే వుంటాయి. నల్లబడ్డ గోళ్ళు, పానా పట్టుకున్న వేళ్ళు. రచయిత ఇలా చేతుల వరకే కనబడి తక్కినది దాచుకోవడం నాకు చాలా మర్యాదగా తోచింది.

ఇంతవరకూ మెచ్చుకోలు. ఇక తగువు.

విప్పే భాగమంతా వివరంగా రాసిన ఈ మహానుభావుడు, బిగించే దగ్గరికొచ్చేసరికి చేతులు దులిపేసుకుంటాడు. విప్పిన వరసకి తిరగవరస అంటాడు, అయిపోయింది. చాలా అధ్యాయాల చివర ఇదే పాట. ఇంగ్లీషువాళ్ళకి ఇదొక జోకుగా మిగిలిందట. జోకుగా బాగానే వుంటుంది. అట్టు తిరగేసినంత తేలికగా కారుని తిరగేస్తే ఇంకేం! నిండుగా వున్న పెట్టెలోంచి పట్టుచీర లాగడం ఒక్క క్షణం పని. మళ్ళీ మడత నలక్కుండా అదే పెట్టెలో పెట్టి మూత వెయ్యడం మీకు తెలుసుగా? విప్పినప్పుడు వస్తువు తన చోటు చెబుతుంది. విప్పాక దానికి నోరు పోతుంది. వారం తరవాత చేతిలోకి తీసుకుంటే అదొక ఇనపముక్క, అంతే. మూడేళ్ళ తరవాత, అదీ విప్పిన మనిషి లేకుండా తీసుకుంటే?

రెండో తగువు ఇంకా పెద్దది. ఈ పుస్తకం రాసేనాటికి ఆ కప్పకళ్ళ కార్ల వయసు అయిదు నుంచి ఎనిమిదేళ్ళు. పడుచు కార్లు. బోల్టు తిప్పితే వచ్చేస్తుంది. ఇప్పుడు దాన్ని పట్టుకుని అరవై దాటిన కారుకి వైద్యం చెయ్యమంటే, పసిపిల్లల పెంపకం పుస్తకం చూసి ముసలమ్మకి సేవ చేసినట్టుంటుంది. అరిగిపోవడం గురించి ఈ పుస్తకానికి బాగా తెలుసు. వయసు మళ్ళడం గురించి తెలియదు. ఇంగ్లండులో చలికాలం రోడ్లమీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్ళు కారు కడుపులోకి చేరి లోపల్నుంచి తినేస్తాయి. ఈ కారుకి విడిగా చట్రం లేదు, ఒంటిరేకే ఎముకలు కూడాను. తలుపుల కింద అటూ ఇటూ వుండే పెట్టెలు, వెనక స్ప్రింగులు తగిలించే చోటు తుప్పు పట్టాయంటే, పైన రంగు ఎంత నిగనిగలాడినా నడుం విరిగినట్టే. కొనేవాళ్ళు ముందు చూడవలసింది అక్కడ. బావగారు మొదటిసారి చూసింది రంగు. ఆ తప్పుకి తరవాత నాలుగు చలికాలాలు వెల్డింగు చేయించారు.

పెట్రోలు సంగతీ అంతే. ఆ కాలపు పెట్రోలులో సీసం కలిపేవారు. ఇనప తలకాయ వున్న ఈ ఇంజన్లలో వాల్వు కూర్చునే చోటు అరగకుండా ఆ సీసమే మెత్తగా కాపాడేది. 2000 జనవరి 1 నుంచి అక్కడి బంకుల్లో మామూలుగా సీసం పెట్రోలు అమ్మడం మానేశారు. అందుకని తలకాయ ఊడదీసి గట్టి ఉక్కు రింగులు వేయించుకోవాలి. 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలులో 10 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. అది పాత రబ్బరు గొట్టాలని తినేస్తుంది. గొట్టాలన్నా మార్చాలి, లేదా 5 శాతానికి మించని ఖరీదైన రకం పొయ్యాలి. ఇదంతా 1966 పుస్తకంలో ఎలా వుంటుందండీ అంటారేమో. వుండదు. తప్పు పుస్తకానిది కాదనే ఒప్పుకుంటాను. కానీ చదివేవాళ్ళకి ఆ సంగతి తెలియాలిగా.

ఇక్కడే బావగారు రంగంలోకి వస్తారు. కాళిదాసుకి మల్లినాథసూరి దొరికినట్టు ఈ పుస్తకానికి మా బావగారు దొరికారు. మార్జిన్ల నిండా పెన్సిలుతో తెలుగులో వ్యాఖ్యానం! ముందు చక్రాల దగ్గర కింది చేతిని పట్టివుంచే ఇరుసు మేకు ఒకటుంటుంది. గ్రీజు సరిగ్గా పెట్టకపోతే తుప్పుపట్టి బిగుసుకుపోతుందని ఈ కార్లకి పేరు. దాన్ని తియ్యమని పుస్తకం ఒక్క వాక్యంలో చెప్పేసింది. పక్కన బావగారు రాసుకున్నారు: "మూడు రోజులు. నూనె, మంట, సుత్తి. ఆఖరికి దేవుడు." ఇంకోచోట చక్రం తిరిగే కింగ్ పిన్ కింద వాషర్లు ఒకదాని మీద ఒకటి ఏ వరసలో వుండాలో బొమ్మ వేసి, "మందంది కింద. మర్చిపోతే మళ్ళీ మొదటికి" అని రాశారు. ఇంకొక పేజీలో నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చింది. "ఒక్కడివల్ల కాదు. దీపం పట్టడానికి ఒకరుండాలి."

అక్కయ్యకి చూపించాను. కళ్ళజోడు సవరించుకుని చదివి, "ఒకరట! ఆ చలిలో నలభయ్యేళ్ళు దీపం పట్టింది ఎవరో పేరు రాయడానికేం పోయిందిటా?" అంది.

పుస్తకం మీద నా మూడో తగువు ఇదే, బావగారితో సహా. ఆ షెడ్డులో పని జరిగేటప్పుడు అక్కడ ఇంకో మనిషి వుంటుంది. దీపం పట్టుకుని, జారిన నట్టు వెతికిపెట్టి, టీ తెచ్చి, "అటు కాదేమో, ఇటేమో" అని చెప్పి తిట్లు తిని. ఆ మనిషికి ఈ సాహిత్యంలో ఎక్కడా చోటు లేదు.

సరే, ముక్కల సంగతికొస్తాను. పిల్లలిద్దరూ అమ్మెయ్యమంటున్నారు. "అమ్ముదామంటే ముక్కల్లో వుంది. ముక్కలకి ఏం ధర పలుకుతుందే? అయినా ఒక్కసారి నిండుగా చూడకుండా ఎలా పంపను?" అంది అక్కయ్య. ఇంజను మిషన్ షాపు నుంచి కొత్త ఉక్కు రింగులతో వచ్చి దుప్పటి కప్పుకుని మూల కూర్చుంది. తక్కినదంతా జాం సీసాల్లో, బిస్కెట్ డబ్బాల్లో. పక్కింట్లో రిటైరయిన మెకానిక్కు ఒకాయన వున్నాడు. ఇలాంటి కార్లు ఎన్నో చేసిన చెయ్యి. బిగించిపెడతానని ఆయనే ముందుకొచ్చాడు. వచ్చి అలమార తెరిచి చూసి నిలబడిపోయాడు. సీసాల మీద చీటీలన్నీ తెలుగులో!

ఎడమ ముందు చక్రం, లోపలివైపు. కుడిది, పైది, రబ్బరు కొత్తది కొనాలి. గేరుపెట్టె మూత బోల్టులు, పొడుగువి రెండూ వెనక్కి. ఒక సీసా మీద: ఇది ఎక్కడిదో తెలియదు. ఒక పెద్ద డబ్బా మీద: మిగిలినవి.

పుస్తకం తిరగవరస అని వదిలేసిన అధ్యాయం మొత్తం ఆ చీటీల్లో వుంది. అది చదవగలిగింది ఆ వీధి మొత్తానికి అక్కయ్య ఒక్కతే. (నేనూ చదవగలను గానీ, పొడుగు బోల్టుకీ పొట్టి బోల్టుకీ తేడా నాకు రెండోవారానికి గానీ తెలియలేదు.) ఆవిడ చీటీ చదివి ఇంగ్లీషులో చెప్పడం, ఆయన పుస్తకంలో బొమ్మ చూపించడం, ఆవిడ "అది కాదు, దాని పక్కది, నాకు గుర్తుంది" అనడం. నలభయ్యేళ్ళు దీపం పట్టిన కళ్ళు ఊరికే వున్నాయనుకున్నారా? ఇంజనుకి గేరుపెట్టె తగిలించి, కప్పీతో పైకెత్తి, తోక కిందికి వంచి కారులోకి దింపిన రోజున ఆవిడ అక్కడ నిలబడి "ఇంకొంచెం ఎడమకి" అంటుంటే, ఆ పెద్దాయన పుస్తకం వంక చూడడం మానేశాడు.

ఇంతలో రెండో గ్రంథం వచ్చింది. ఇన్సూరెన్సు పాలసీ. దీన్నీ సమీక్షించక తప్పదు, ఎందుకంటే రెండూ ఒకే కారు గురించి రాసినవి, ఒకదానికొకటి ముఖం చూసుకోని సవతుల్లాంటివి. మాన్యువల్‌లో క్రియలన్నీ ఇలా చెయ్యి, అలా చెయ్యి. పాలసీలో ఒకవేళ, అయితే, తప్ప, మినహా. మాన్యువల్ తెరిస్తే ఏం చెయ్యాలో తెలుస్తుంది. పాలసీ చదివితే ఏదో చేసేశామేమోనని భయం వేస్తుంది.

అయినా దాన్ని పక్కన పారెయ్యడానికి లేదని బావగారికి 1984లోనే తెలిసొచ్చింది. ఆస్పత్రి ముందు నిలబెట్టిన కారుని ఒక వ్యాను వెనక్కొచ్చి గుద్దింది. అప్పటి ఇన్సూరెన్సు కంపెనీ (పేరెందుకు లెండి) పాలసీలో బజారు ధర అని వుంది. కంపెనీ మనిషి వచ్చి చూసి, ఇది పాతికేళ్ళ పాత కారు, బాగుచేసే ఖర్చు దీని ధర కంటే ఎక్కువ, కనుక ఇది పోయినట్టే అని తేల్చాడు. చేతిలో పెట్టిన సొమ్ము చూసి బావగారు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తన కారు తుక్కుని తనే వాళ్ళ దగ్గర మళ్ళీ కొనుక్కుని, రెండు చలికాలాలు కూర్చుని బాగుచేసుకున్నారు. అప్పట్నుంచి ఒప్పుకున్న విలువ పద్ధతికి మారారు. ఏమీ జరక్కముందే, నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి, ఆ కార్ల క్లబ్బువారి చేత విలువ కట్టించి, ఇంత అని కంపెనీతో ముందే రాయించుకోవడం. రేపు కారు పూర్తిగా పోతే ఆ మొత్తం ఇస్తారు, బేరాలుండవు. సరదాకి తిప్పే కారు గనక ఏడాదికి ఇన్ని మైళ్ళే అని హద్దు, రాత్రి షెడ్డులోనే వుండాలని షరతు. దానికి తగ్గట్టు ప్రీమియమూ తక్కువే.

అయితే ఇక్కడొక మెలిక. ఒప్పుకున్న విలువ మనం మార్చమంటేనే మారుతుంది. బావగారు చివరిసారి కట్టించిన విలువకి తొమ్మిదేళ్ళు నిండాయి. పాత కార్ల ధరలు ఈలోగా ఎక్కడికో వెళ్ళాయి. అంటే కారుకి ఏమన్నా అయితే 1984 కథే మళ్ళీ, ఈసారి మన సంతకంతోనే. మీ ఇంట్లో బంగారానికో ఇంటికో ఎప్పుడో కట్టిన విలువతో పాలసీ వుంటే ఒకసారి తీసి చూసుకోండి, ఇది చదవడం ఆపి చూసినా నేనేం అనుకోను.

పైగా ఇన్నాళ్ళూ నడిచింది షెడ్డులో కదలకుండా వున్న కారుకి ఇచ్చే పాలసీ. దొంగతనం, అగ్నిప్రమాదం వరకే. చక్రం రోడ్డు మీద పెట్టాలంటే వేరే కావాలి. ఆ దేశంలో నలభయ్యేళ్ళు దాటిన కారుకి రోడ్డు పన్ను లేదు, అయినా దరఖాస్తు మాత్రం పెట్టుకోవాలి. పెద్ద మార్పులేవీ చెయ్యకపోతే 2018 మే నుంచి ఏటేటా జరిగే పరీక్ష కూడా తప్పనిసరి కాదు. బ్రేకులు పనిచేస్తున్నాయో లేదో యజమానే చూసుకోవాలి. ఇన్సూరెన్సు మాత్రం వుండి తీరాలి. ముసలి కారని పన్ను వదిలిన దేశం, ఎదటివాడి కాలు విరిగితే మాత్రం వదలదు. న్యాయమే.

ఫారం వచ్చింది. పాలసీ బావగారి పేరున వుంది గనక, కొత్తగా అక్కయ్య పేరున తీసుకోవాలన్నారు. క్లెయిములు లేకుండా ఆయన నడిపిన ఏళ్ళు ఆయనతోనే సరి అన్నారు ఆ కంపెనీవారు. ఫారంలో ఒక ప్రశ్న: ఇటువంటి పాత కారుతో మీకు ఎన్నేళ్ళ అనుభవం?

అక్కయ్య కలం పట్టుకుని చాలాసేపు కూర్చుంది. నడిపింది ఎన్నిసార్లని అడిగాను. "ఎక్కడే! క్లచ్చి కాస్త తేడా, నీకు అలవాటు లేదు అనేవారు. మొదటి గేరు వెయ్యడానికి బండి పూర్తిగా ఆగాలి, నువ్వు తొందరపడతావు అనేవారు. నా చిన్న కారు నేను నడుపుకుంటూనే వున్నాగా, దాంతో సరిపెట్టుకున్నాను." తరవాత గడిలో సున్నా వేసింది. కంపెనీ లెక్కలో అది నిజమే. దీపం పట్టిన ఏళ్ళకి గడి లేదు.

ఫోన్ చేసి మాట్లాడదామని నేను పట్టుబట్టాను. అక్కయ్య వద్దంది. మర్నాడు తనే చేసింది! నేను పక్కన వుండి విన్నాను. కింగ్ పిన్ వాషర్ల వరస దగ్గర్నుంచి వాల్వు రింగుల దాకా, ఏ ముక్క ఎప్పుడు మార్చారో, ఏ చలికాలంలో ఏ వెల్డింగు జరిగిందో, ఒక్క కాగితం చూడకుండా చెప్పింది. అవతలి అమ్మాయి మధ్యలో ఎవరినో పిలిచింది. ఆయన మళ్ళీ మొదట్నుంచి చెప్పించుకున్నాడు. వారానికి పాలసీ వచ్చింది, కొత్త విలువతో, అక్కయ్య పేరున, ఏడాదికి 1,500 మైళ్ళు. సున్నా గడి సున్నాగానే వుంది. ప్రీమియం మేము భయపడినంత లేదు.

ఫోటోల దగ్గర మాత్రం చిన్న గొడవ అయింది. ముందు, వెనక, రెండు పక్కలా, ఇంజనూ, లోపలా తియ్యాలి. అక్కయ్య మంచి వెంకటగిరి చీర కట్టుకుని ప్రతి ఫోటోలోనూ కారు పక్కన నిలబడింది. కారు ఒక్కటే వున్న ఫోటోలు పంపండి, దయచేసి, అని ఉత్తరం. మళ్ళీ తీశాను.

నేను ఇంటికి బయల్దేరే ముందు ఆదివారం కారు రోడ్డెక్కింది. ఈ కారులోకి చీరతో ఎక్కడం గురించి ఏ మాన్యువల్లోనూ లేదు. ముందు కూర్చుని, తరవాత కాళ్ళు లోపలికి తెచ్చుకుని, కుచ్చిళ్ళు ఒళ్ళో పెట్టుకుని, అప్పుడు తలుపు వెయ్యాలి. అక్కయ్య పుల్‌నాబు లాగింది. రెండుసార్లు దగ్గి, మూడోసారికి అందుకుంది. మొదటి గేరు వేసేముందు బండిని పూర్తిగా ఆపే వుంచింది, తొందరపడలేదు. వీధి చివర దాకా వెళ్ళి, మలుపు తిరిగి, ఖరీదైన పెట్రోలు పోయించుకుని వచ్చాం. పక్కింటి పెద్దాయన గేటు దగ్గరే నిలబడి వున్నాడు. ఏం మాట్లాడలేదు, ముందు చక్రాల వైపు వంగి చూశాడు.

లోపలికొచ్చాక అక్కయ్య పుస్తకం తీసింది. దీపం పట్టడానికి ఒకరుండాలి అన్నచోట ఒకరు కొట్టేసి తన పేరు రాసింది, పెన్నుతో. అమ్మకం మాట ఆ రోజు ఎవరూ ఎత్తలేదు. పిల్లలు ఫోన్ చేస్తే వాతావరణం గురించి మాట్లాడింది.

సాయంత్రం షెడ్డు సర్దుతుంటే బల్ల మీద నాలుగు వాషర్లు మిగిలాయి. ఎక్కడివో పుస్తకంలో లేదు, చీటీల్లోనూ లేదు. పెద్దాయన్ని పిలిచి చూపిస్తే ఆయన ఒక్కొక్కటీ వెలుగులో తిప్పి చూసి, భుజాలెగరేసి, పెద్ద డబ్బా మూత తీశాడు. మిగిలినవి అన్న చీటీ అప్పటికి ఆయనకి చదవడం వచ్చేసింది.